డిప్రెషన్ మాత్రలు ఒకసారి మొదలుపెడితే ఆపలేమా? యోగా, ఆయుర్వేదంతో సరిపోదా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. సైకియాట్రిస్టు ఎస్సిటలోప్రామ్ (డిప్రెషన్ మందు), క్లోనజెపామ్ (దడ తగ్గించి నిద్ర పట్టించే మందు) కలిసిన మాత్ర రాశారు. "మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందే" అని ఇంట్లో అంటున్నారు కాబట్టి స్ట్రిప్పు ఇంకా విప్పలేదు. ఈలోగా మీ అత్తగారు ఎవరో చెప్పారని ఒక లేహ్యం డబ్బా తెచ్చారు. యోగా క్లాసులోనేమో ధ్యానం చేస్తే మాత్రతో పనే లేదన్నారు. ఎవరి మాట వినాలని మీ ప్రశ్న.

నేను డాక్టర్‌ని కాదు, బ్యాంకు ఉద్యోగిని. నాకు పానిక్ అటాక్‌లతో మొదలై డిప్రెషన్ దాకా వెళ్లింది. మాత్రలు వాడాను, సైకాలజిస్టు దగ్గర కూర్చున్నాను, ప్రాణాయామం చేశాను, మా అమ్మ తెచ్చిన తాయెత్తు కూడా కట్టుకున్నాను. అందరూ దీన్ని ఇంగ్లీషు మందుకీ సహజ వైద్యానికీ మధ్య పోటీలా మాట్లాడతారు. అది చూస్తే నాకు విసుగు. మీ చేతిలో ఉన్న ఆ ఒక్క మాత్రలోనే రెండు వేర్వేరు స్వభావాల మందులున్నాయి. జాగ్రత్తగా ఉండాల్సింది ఒకదాని విషయంలో, మీ ఇంట్లోవాళ్లు భయపెడుతున్నది రెండోదాని పేరు చెప్పి.

ముందు క్లోనజెపామ్ సంగతి. వేసుకున్న గంటలోపే దడ తగ్గుతుంది, నిద్ర పడుతుంది. అల్ప్రాజోలామ్, లోరాజెపామ్ కూడా ఈ కుటుంబానివే. మనవాళ్లు "నిద్రమాత్రలు" అనేది ఎక్కువగా వీటినే. పని చేస్తుందా అంటే భేషుగ్గా చేస్తుంది, చిక్కంతా అక్కడే. కొన్ని వారాలు వరసగా వాడితే ఒంటికి అలవాటైపోతుంది, ఒక్కసారిగా మానేస్తే మొదటికంటే ఎక్కువ ఆందోళన, నిద్రలేమి వస్తాయి. ఎక్కువ కాలం వాడినవాళ్లు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. మద్యంతో కలిస్తే ఊపిరికే ప్రమాదం. మన దేశంలో ఈ కుటుంబంలోని అల్ప్రాజోలామ్ లాంటివి షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితాలో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే మెడికల్ షాపులో రిజిస్టర్‌లో రాయాలి. మా వీధి చివరి షాపులో ఏం జరుగుతుందో నాకు తెలుసు, మీ వీధిలోనూ తెలిసే ఉంటుంది.

మరి డాక్టర్లు ఎందుకు రాస్తారు? ఎస్సిటలోప్రామ్ పని మొదలుపెట్టడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా మొదటి వారంలో ఆందోళన కాస్త పెరగొచ్చు కూడా. ఆ మధ్యకాలం గడవడానికి క్లోనజెపామ్ ఆసరా. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు ఇచ్చి నెమ్మదిగా తీసేస్తారు. రెండూ ఒకే మాత్రలో ఉంటే ఒకదాన్ని ఉంచి ఇంకోదాన్ని తగ్గించడం కుదరదు. అందుకే మళ్లీ వెళ్లినప్పుడు "సార్, రెండూ విడివిడిగా రాయగలరా? క్లోనజెపామ్ ఎన్నాళ్లు, ఎప్పుడు ఎలా తగ్గించాలి?" అని అడగండి. నేను అడిగితే మా డాక్టర్‌గారు ఏమీ అనుకోకుండా చీటీ తిరగరాశారు. చీటీ మీద క్లోనజెపామ్ పక్కన తగ్గించే తేదీలు రాసి, కింద గీత కూడా గీశారు. ఒకే చీటీని పట్టుకుని ఏళ్ల తరబడి షాపులో కొంటూ పోయేవాళ్లు ఉన్నారు. "జీవితాంతం" అన్న మాట చాలా ఇళ్లలో అలా పుట్టిందే.

ఎస్సిటలోప్రామ్ అలాంటిది కాదు. దానికి కిక్కు ఉండదు, డోసు పెంచుకుంటూ పోవాలన్న ఆరాటం ఉండదు. నాకు మొదట్లో కడుపులో తిప్పడం, ఊరికే ఆవులింతలు, నోరు ఎండిపోవడం. భోజనం చేశాక వేసుకుంటే కొంత నయం. తర్వాత అవి సర్దుకున్నాయి. ఎవరూ నోరు విప్పని సంగతి ఇంకోటుంది: కోరిక తగ్గడం, తృప్తి ఆలస్యం కావడం. ఇది చాలామందికి వస్తుంది, ఆడవాళ్లకీ మగవాళ్లకీ. సిగ్గుపడి చెప్పకుండా మందు మానేసేవాళ్లు ఎక్కువ. డాక్టర్‌కి చెబితే డోసు మార్చడమో, మందు మార్చడమో చేస్తారు. ఇరవై అయిదేళ్ల లోపు వాళ్లలో మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందులతో వచ్చే సమాచార పత్రంలోనే పెద్ద హెచ్చరిక వేయించింది. ఆ వయసువాళ్లయితే ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

పని చేస్తాయా? 2018లో లాన్సెట్ పత్రికలో 522 పరీక్షల ఫలితాలు ఒకచోట చేర్చి 21 మందుల్ని పోల్చారు. అన్నీ మందు లేని ఉత్తుత్తి మాత్రకంటే మెరుగే, కానీ సగటున ఆ తేడా మరీ పెద్దదేం కాదు. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి అంతంతమాత్రం, కొందరికి రెండో మందుతోగానీ గుణం కనిపించదు. "మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గింది, మాత్రతో నింపుతాం" అన్న వివరణ మరీ నాసిరకం సరళీకరణ, దాన్ని ఇప్పుడు శాస్త్రవేత్తలే అంత తేలిగ్గా ఒప్పుకోవడం లేదు. నాకు మాత్రం అది ఇచ్చింది సంతోషం కాదు. పొద్దున్నే లేచి స్నానం చేసేంత ఓపిక వచ్చింది. మిగతాదంతా ఆ ఓపిక మీద కట్టుకున్నదే.

ఎన్నాళ్లు వాడాలి? మొదటిసారి డిప్రెషన్ అయితే, బాగైపోయాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించమంటారు. తిరగబెట్టిన చరిత్ర ఉంటే ఇంకా ఎక్కువ. ఆపేటప్పుడు నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. తగ్గించే రోజుల్లో నాకు తల తిప్పినప్పుడల్లా లోపల చిన్న కరెంటు షాకు కొట్టినట్టు ఉండేది. భయపడి ఫోన్ చేస్తే, "తగ్గింపు కాస్త తొందరైంది, వెనకటి డోసు మీద ఇంకొన్నాళ్లు ఉండండి" అన్నారు. సర్దుకుంది. ఇప్పుడు మాత్రలు లేవు. రేపు మళ్లీ అవసరమైతే వేసుకుంటాను, బీపీ మాత్రకి లేని నామోషీ దీనికెందుకు?

ఇక మాత్ర కాని దారులు. వీటిని నేను తక్కువ చేయను. కానీ మందుని అడిగే ప్రశ్నలే వీటినీ అడగాలి: ఏం పని చేస్తుంది, ఎంత చేస్తే చేస్తుంది, ఎవరికి పడదు?

నాకు అన్నిటికంటే పనికొచ్చింది సైకాలజిస్టు ఇచ్చిన ఒక మామూలు రూళ్ల పుస్తకం. రోజుని గంటలుగా విడగొట్టి, చేసిన పని, దాని పక్కన రెండు అంకెలు: ఎంత సంతోషం కలిగింది, ఎంత సాధించినట్టు అనిపించింది, పదికి. మొదటి పేజీలో "మధ్యాహ్నం 3: ఫోన్ చూశాను, 1, 0". దాని కింద "4: ఆరిన బట్టలు మడత పెట్టాను, 1, 4". ఆ నాలుగుని చూసి ఆవిడ పెన్నుతో చుట్టూ గీశారు. "ఇలాంటివి రేపు రెండు పెట్టుకోండి, చేయాలనిపించినా లేకపోయినా" అన్నారు. మనసు బాగైతే పని చేద్దామని ఎదురుచూస్తే మనసు బాగవదు, అదీ ఆ పద్ధతి లెక్క. దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం, సంగాత్ సంస్థ కలిసి డాక్టర్లు కాని మామూలు కౌన్సెలర్లకి శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్ర డిప్రెషన్ ఉన్నవాళ్లకి ఇదే నేర్పించారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకంటే వీళ్లు బాగా కోలుకున్నారని 2017లో ఫలితాలు వచ్చాయి. కాబట్టి పెద్ద ఫీజు కట్టలేకపోయినా ఒక నోటుపుస్తకంతో సగం మొదలుపెట్టొచ్చు. సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే మాత్రం క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ లాంటి చదువు, ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్నాయా అని అడగండి. బోర్డు పెట్టుకున్న ప్రతి "లైఫ్ కోచ్" కౌన్సెలర్ కాదు.

నడక, పరుగు, బరువులు, యోగా, ఇవన్నీ డిప్రెషన్‌కి పనికొస్తాయని గట్టి ఆధారాలే ఉన్నాయి. చెమట పట్టేంత చేయాలి, మానకుండా చేయాలి. అయితే మంచం దిగలేని మనిషికి "వాకింగ్ చేయవే" అని చెప్పే పెద్దమ్మలకి ఒక దండం.

ధ్యానం గురించి మీ క్లాసులో చెప్పింది బహుశా అమెరికాలో జరిగిన ఒక పరీక్షని పట్టుకునే అయుంటుంది, వాట్సాప్‌లో తెగ తిరిగింది. ఆందోళన జబ్బులున్న 276 మందిలో కొందరికి ఎస్సిటలోప్రామ్, మిగతావాళ్లకి ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ. చివరికి రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. నిజమే. కానీ అది వారానికి రెండున్నర గంటల క్లాసు, ఇంట్లో రోజూ ముప్పావుగంట సాధన. యాప్‌లో అయిదు నిమిషాలు కాదు. పైగా అందులో చూసింది ఆందోళనని, తీవ్రమైన డిప్రెషన్‌ని కాదు. నాకు భ్రామరి, వదిలే శ్వాస పొడుగ్గా ఉండే ప్రాణాయామం బాగా పడ్డాయి. కపాలభాతి మాత్రం పానిక్ తెచ్చిపెట్టేది. గబగబా శ్వాస తీస్తే ఎవరికైనా తల తేలిపోయి చేతులు తిమ్మిరెక్కుతాయి, పానిక్ ఉన్నవాళ్లకి అది అచ్చం అటాక్ లాగే అనిపిస్తుంది. పది రోజుల మౌన శిబిరాలకి వెళ్లాలనుకుంటే దరఖాస్తులో మానసిక ఆరోగ్యం, వాడే మందుల గురించి అడుగుతారు, దాచకండి.

మూలికల్లో అశ్వగంధకి కొంత ఆధారం ఉంది, ఆందోళన కాస్త తగ్గిందని చిన్న చిన్న పరీక్షల్లో తేలింది. కానీ అది థైరాయిడ్ హార్మోన్ని పెంచవచ్చు, అరుదుగా కాలేయాన్ని దెబ్బతీసిన కేసులున్నాయి, గర్భిణులకి వద్దంటారు. ఆన్‌లైన్‌లో దొరికే సెయింట్ జాన్స్ వర్ట్ తేలికపాటి డిప్రెషన్‌కి పనిచేస్తుంది, కానీ ఎస్సిటలోప్రామ్‌తో కలిపితే సెరటోనిన్ మితిమీరి ప్రాణం మీదికి రావచ్చు. గర్భనిరోధక మాత్రల బలం కూడా తగ్గించేస్తుంది. "మూలికే కదా, చెడు చేయదు" అనేవాళ్లకి నేను సర్పగంధ కథ చెబుతాను. అందులోంచి తీసిన రిసర్పిన్‌ని 1950ల్లో బీపీకి విరివిగా వాడారు. కొందరు రోగులు ఆ మందు మీద డిప్రెషన్‌లో పడ్డారని అప్పటి డాక్టర్లే రాశారు.

ఇవేవీ మొదలుపెట్టకముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు చేయించారా? థైరాయిడ్ మందగించినా డిప్రెషన్ లాగే ఉంటుంది. అలాగే ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారు, ఎడాపెడా ఖర్చు, ఆగని మాటలు ఉన్నాయేమో గుర్తుచేసుకుని డాక్టర్‌కి చెప్పండి. అది బైపోలార్ (ఒకప్పుడు అలాంటి హుషారు, ఇంకొకప్పుడు డిప్రెషన్ వచ్చే జబ్బు) అయితే డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇవ్వడం ప్రమాదం.

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే పైనున్న చర్చంతా పక్కన పెట్టండి. టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు. ఆ పరిస్థితిలో లేహ్యం, ధ్యానం అంటూ రోజులు నెట్టకూడదు, ఆసుపత్రికే వెళ్లాలి.

తాయెత్తు గురించి చెప్పలేదు కదా. అమ్మ గుడి దగ్గర కట్టించుకొచ్చి, "ఆ మాత్రలు మానమనట్లేదులే, ఇదీ ఉంచుకో" అంది. ఉంచుకున్నాను. మందుతో కొట్లాడని నమ్మకంతో నాకేం పేచీ లేదు.

మీ అత్తగారితోనూ గొడవ పడొద్దు. "డాక్టర్‌గారిని ఒకమాట అడిగి వాడతాను అత్తయ్యా" అనండి. డబ్బా మీద అంటించిన కాగితం ఫోటో తీసి డాక్టర్‌కి చూపించండి. కాగితమే లేకపోయినా, లోపల ఏమున్నాయో తయారుచేసినాయన చెప్పకపోయినా ఆ డబ్బా మూత తీయకండి. అలా పేరూ ఊరూ లేకుండా అమ్మే కొన్ని మందుల్లో స్టెరాయిడ్లు, సీసం బయటపడిన సందర్భాలున్నాయి.