కార్నెగీ కోటలో బస ఎవరికి?

ప్రశ్న: ఊరూరా ఉచిత గ్రంథాలయాలు కట్టించిన అమెరికా ఉక్కు పారిశ్రామికవేత్త ఆండ్రూ కార్నెగీకి స్కాట్లండ్‌లో ఉండిన స్కీబో కోట, ఇప్పుడు సభ్యులకు మాత్రమే బస ఇచ్చే క్లబ్బుగా, వివాహాలకు వేదికగా మారిందని తెలిసింది. లోకం కోసం అంత ఖర్చు చేసిన మనిషి ఇంటిని కొందరికే పరిమితం చేయడం ఆయన ఆశయానికి విరుద్ధం కాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధ న్యాయమైనదే. అయితే, అందరికీ ఇవ్వాలనుకున్నవాటి జాబితాలో కార్నెగీ స్కీబోను ఎన్నడూ చేర్చలేదు. 1897లో కుమార్తె మార్గరెట్ పుట్టినప్పుడు ఆయన వయసు 61 ఏళ్లు. బిడ్డ తాను పుట్టిన స్కాట్లండ్‌లోనూ పెరగాలన్న కోరికతో ఆ దేశపు ఉత్తరాన, డోర్నాక్ పట్టణానికి చేరువలో ఉన్న ఈ పాత కోటను మొదట అద్దెకు తీసుకుని, 1898లో కొని, ఎన్నో రెట్లు పెంచి కట్టించారు. పొద్దున్నే స్కాట్లండ్ ఊదుడు వాద్యమైన బ్యాగ్‌పైప్ వాయిస్తూ ఒక కళాకారుడు కోట చుట్టూ నడిచి అతిథులను నిద్రలేపేవాడు. ఫలహారం వేళకు ఆర్గన్ సంగీతం మొదలయ్యేది. బ్రిటన్, అమెరికా జెండాలను కలిపి కుట్టించిన ఒకే జెండా పైన ఎగిరేది. 1902లో రాజు ఏడవ ఎడ్వర్డ్ కూడా వచ్చి చూసి వెళ్లారు. ఇన్ని హంగులున్నా అది ఒక కుటుంబం వేసవి గడిపే ఇల్లే.

1914లో యుద్ధం రావడంతో వెళ్లిపోయిన కార్నెగీ మళ్లీ అక్కడికి తిరిగి రాలేదు. 1919లో అమెరికాలో కన్నుమూశారు. అయినా కుటుంబం 1982 వరకు కోటను నిలుపుకుంది. అంత పెద్ద కోట పనికీ, వేల ఎకరాల నేలకీ జీతాలు చెల్లిస్తూ ఒక కుటుంబం అన్నేళ్లు నెట్టుకురావడమే విశేషమని నా అభిప్రాయం. ఆ తర్వాత 1990లో పీటర్ డి సావరీ అనే వ్యాపారి కొని, కార్నెగీ పేరుతోనే క్లబ్బు పెట్టారు. 2000 డిసెంబరులో గాయని మడోన్నా వివాహం అక్కడ జరగడంతో కోట పేరు ప్రపంచమంతటా వినిపించింది. ఇనుము, గాజు పైకప్పుతో కార్నెగీ కట్టించిన ఈతకొలను నేటికీ నిలిచి ఉందంటే, ఆ గదులకు అద్దె చెల్లించే మనుషులు ఉండటమే కారణం. తాళం పడిన ఇంటిని చెమ్మ, చెద ఎంత త్వరగా తినేస్తాయో పాతిళ్లు చూసినవారికి చెప్పనక్కరలేదు.

అక్కడ బస చేసేవారికి ఒక్క విషయం తెలిసి ఉండాలని మాత్రం గట్టిగా కోరుకుంటాను. ఆ కోటకు పెట్టిన డబ్బు అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఉక్కు కొలుముల దగ్గర రోజుకు 12 గంటలు పనిచేసిన కార్మికులది. 1892 జూలైలో ఆయనదే అయిన హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారంలో జీతాల కోతపై తలెత్తిన వివాదం కాల్పులకు దారితీసి ప్రాణాలు పోయినప్పుడు, కార్నెగీ స్కాట్లండ్‌లోనే మరో చోట విడిది చేసి ఉన్నారు.

ఇక ఆశయం మాటకు వస్తే, దానిని స్కీబోలో కాక డన్‌ఫర్మ్‌లిన్‌లో వెతకాలి. ఆయన 1835లో పుట్టిన ఊరది. ఆ ఊరి పిటెన్‌క్రీఫ్ తోట అప్పట్లో ఒక భూస్వామిది. హక్కుల కోసం ఆ భూస్వామితో తగవుపడినందుకు కార్నెగీ తల్లి వైపు వారిని లోపల అడుగు పెట్టనిచ్చేవారు కాదు. చిన్నప్పుడు ఆయనా గేటు బయటే నిలబడ్డారు. 1902లో ఆ తోటనే కొని, తన కోసం ఉంచుకోకుండా ఊరి ప్రజలకు ఇచ్చేశారు. ఇవాళ అది అందరూ తిరిగే ఉద్యానవనం. ఆయన డబ్బుతో లేచిన 2,500కు పైగా గ్రంథాలయాల్లో మొదటిది కూడా ఆ ఊళ్లోనే 1883లో తెరిచారు.

మీరు స్కాట్లండ్ వెళ్లేటట్లయితే, ఎడిన్‌బరో నుంచి ఫోర్త్ వంతెన మీదుగా రైలులో డన్‌ఫర్మ్‌లిన్‌కు సులువుగా చేరుకోవచ్చు. నారబట్ట నేసే కార్నెగీ తండ్రి కింద మగ్గం పెట్టుకుని, పైన సంసారం సాగించిన చిన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అందులోకి వెళ్లడానికి ఏ సభ్యత్వమూ అక్కరలేదు.