పిత్తాశయంలో చీము.. గుండె బలహీనం.. పైపు వేస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది ఆదోని. అమ్మకు 74 ఏళ్లు. షుగర్ ఉంది, రెండుసార్లు గుండెపోటు వచ్చింది, పంపింగ్ 25 శాతమే. నాలుగు రోజులుగా కుడి డొక్కలో నొప్పి, చలిజ్వరం. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయి, చీము పట్టింది, ఆపరేషన్ తట్టుకోలేదు, పైపు వేస్తామని కర్నూలులో డాక్టర్లు చెప్పారు. కాలేయానికి చిల్లు పెడతారట, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఒప్పుకోండి. ఆలస్యం మాత్రం చేయకండి. రాయి అడ్డంపడి పైత్యరసం పోయే దారి మూసుకుపోయింది, పిత్తాశయం (గాల్‌బ్లాడర్) సంచి ఉబ్బింది, అలాంటి సంచిలోకి యాంటీబయాటిక్ కూడా సరిగా చేరదు. ఆ ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే బీపీ పడిపోతుంది, అమ్మగారి గుండెకు అసలు ప్రమాదం అదే.

దీనికి పూర్తి మత్తు అక్కర్లేదు. పక్కటెముకల దగ్గర చర్మం మొద్దుబారేలా సూదిమందు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నటి సూది, దాని వెంట తీగ, తీగ మీదుగా మూడు మిల్లీమీటర్ల లావు పైపు పంపుతారు. కాలేయం గుండా పోవడం కావాలని చేసేదే, అది పైపును పట్టి ఉంచుతుంది, పైత్యం కడుపులోకి కారే భయం తగ్గుతుంది. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు.

ఒక మాట. ఆపరేషన్ తట్టుకోగలిగితే, రిస్క్ ఉన్నా పైపు కంటే లాపరోస్కోపీయే (చిన్న రంధ్రాలతో పిత్తాశయం తీసేసే ఆపరేషన్) మేలని 2018లో నెదర్లాండ్స్ డాక్టర్ల పరిశోధనలో తేలింది. అందుకే వయసు ఎక్కువ అన్న ఒక్క కారణంతో పైపు వేస్తామంటే నేను ఒప్పుకోను. 25 శాతం పంపింగ్ అంటే సంగతి వేరు.

చాలామందికి రెండు మూడు రోజుల్లో జ్వరం, నొప్పి తగ్గుతాయి. పైపు చివర తగిలించే బ్యాగులోకి మొదట చిక్కగా, మురికిగా వచ్చేది మెల్లగా పసుపు, ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. పైపు మూడు నుంచి ఆరు వారాలు ఉండాలి, చుట్టూ దారి గట్టిపడ్డాకే, రంగుమందుతో ఎక్స్‌రే తీసి చూశాకే తీస్తారు. చర్మం దగ్గర పైపు మీద పెన్నుతో గీత పెట్టించుకోండి, పైపు కదిలిందో లేదో రోజూ తెలుస్తుంది. బ్యాగు నడుముకు కిందుగా వేలాడాలి. ఆదోని బస్సులో కుదుపులకు పైపు లాగేయకుండా టేపు వేసి బ్యాగును చీరకు పిన్ను పెట్టండి. ఊడితే మీరే లోపలికి తోయొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బ్యాగులోకి రావడం హఠాత్తుగా ఆగినా, జ్వరం తిరగబెట్టినా అంతే.

పైపు వేసినా రాళ్లు అక్కడే ఉంటాయి, మళ్లీ నొప్పి రావచ్చు. కోలుకున్నాక గుండె డాక్టర్, మత్తు డాక్టర్ ఇద్దరితో కలిపి మాట్లాడండి, ఆపరేషన్ అప్పటికీ కుదరకపోతే ఎండోస్కోపీతో లోపల్నుంచే పేగులోకి స్టెంట్ (చిన్న గొట్టం) వేసే పద్ధతీ ఉంది, బయట బ్యాగు ఉండదు. ఆ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు, హైదరాబాద్ లాంటి పెద్ద కేంద్రాల్లో అడగాలి. ఇప్పుడు మాత్రం ముందు చీము బయటికి రానివ్వండి.