వాలు మీద జారే పొరల లెక్కలతో ఉద్యోగం వస్తుందా?

చిత్తూరు నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి తిరుపతిలో ఎస్వీయూలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఫైనలియర్. వేర్వేరు చిక్కదనాలున్న ద్రవాలు పొరలుగా వాలు మీద జారితే అవి నిలకడగా ఉంటాయా లేదా అన్నది ప్రాజెక్టు. ఇప్పుడు అందులోనే పీహెచ్‌డీ చేస్తానంటోంది. మేం బ్యాంక్ కోచింగ్ అంటున్నాం. ఏం చేయమంటారు?"

సార్, పేరు చూసి టెన్షన్ పడకండి. ఒక ద్రవం మీద ఇంకో ద్రవం పరుచుకుని ఏటవాలుగా జారుతుంటే రెండూ సాఫీగా పోతాయా, మధ్యలో అలలు లేస్తాయా అన్నదే ప్రశ్న. మెల్లగా జారితే ఏ గొడవా ఉండదనుకుంటాం కదా, కానీ పొరల మధ్య చిక్కదనంలో తేడా ఉంటే ప్రవాహం ఎంత మెల్లగా ఉన్నా అలలు పెరిగే వీలుందని 1967లోనే చియా-షున్ యీ అనే ద్రవ ప్రవాహాల శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించారు. ఫొటో ఫిల్ము తయారీలో చాలా పొరల్ని వాలు పలక మీంచి ఒకేసారి జార్చి పూత పూసేవాళ్లు, అక్కడ అల లేచిందంటే పూత పాడైనట్టే. మన దేశంలోనూ ఈ పని బాగా జరుగుతోంది. బెంగళూరులోని రమా గోవిందరాజన్, ఐఐటీ హైదరాబాద్‌లోని కీర్తి చంద్ర సాహు కలిసి 2014లో ఇలాంటి ప్రవాహాల మీద పెద్ద సమీక్షా వ్యాసమే రాశారు.

ఇక అసలు విషయం. ఈ లెక్కలు కాగితం మీద కొంతవరకే తేలతాయి, ప్రవాహంలో చిన్న అలలు ఎలా మారతాయో చెప్పే ఆర్-సోమర్‌ఫెల్డ్ సమీకరణాన్ని కంప్యూటర్‌తో సాధించి ఐగెన్ విలువలు, అంటే అల పెరుగుతుందా తగ్గుతుందా చెప్పే సంఖ్యలు, తీయాలి. ఆ కోడ్ అమ్మాయి సొంతంగా రాస్తోందా, సీనియర్ ఇచ్చింది రన్ చేస్తోందా? అది కనుక్కోండి. సొంతంగా రాయగలిగితే పీహెచ్‌డీ కుదరకపోయినా సిమ్యులేషన్ ఉద్యోగాలకి, అంటే ప్రవాహాల్లాంటివి కంప్యూటర్‌లో లెక్కగట్టి చూసే పనులకి, ప్రయత్నించొచ్చు. కాకపోతే అక్కడ మెకానికల్ వాళ్లకే మొగ్గు ఎక్కువ, ఆ సంగతి దాచను.

పీహెచ్‌డీకి మాత్రం ఫెలోషిప్ లేకుండా పంపకండి. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000, పైన హెచ్‌ఆర్‌ఏ. గేట్ పరీక్షలో ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపరుంది, అందులో ఫ్లూయిడ్ మెకానిక్స్ (ద్రవ ప్రవాహాల శాస్త్రం) సెక్షన్ తీసుకుంటే ఇప్పుడు చదువుతున్నదే పనికొస్తుంది. ఏర్పేడులో ఐఐటీ ఇంటికి దగ్గరే, అయినా దగ్గరని కాదు, గైడ్ ఎవరు, ఇటీవల ఏం పేపర్లు రాశారు, పాత విద్యార్థులు ఎక్కడ తేలారు అన్నవి చూశాకే అప్లై చేయమనండి.

బ్యాంక్ పీఓకి 30 ఏళ్ల దాకా రాయొచ్చు, అది ఎక్కడికీ పోదు. అందుకే ముందు ఒక ఏడాది నెట్, గేట్ రాయనివ్వండి. జేఆర్ఎఫ్ గానీ మంచి సీటు గానీ రాకపోతే అప్పుడు కోచింగ్‌లో చేర్చండి. ఈ మాట అమ్మాయితో ఇప్పుడే, ఫీజు కట్టకముందే మాట్లాడుకోండి.