కర్ర నీడతో భూమి చుట్టుకొలత

ప్రశ్న: మా బడిలో టెలిస్కోప్ లేదు. విదేశీ బడితో కలిసి పిల్లలు చేయగల ఖగోళ ప్రయోగం చెప్తారా?

జవాబు: నీడలతో భూమి చుట్టుకొలత లెక్కగట్టిన ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ప్రయోగం చేయించండి. రెండు బళ్లూ ఒకే రోజున మీటరు కర్రను చదునైన నేల మీద నిలపాలి. దారానికి రాయి వేలాడదీసి, కర్ర నిటారుగా ఉందో లేదో చూడండి. గడియారంలో 12 కొట్టినప్పుడు కొలిస్తే తప్పొస్తుంది. నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడే కొలవాలి. తెలుగు నాట 11:30 నుంచి 12:45 దాకా 2 నిమిషాలకోసారి గుర్తు పెడితే ఆ క్షణం దొరుకుతుంది.

నీడ పొడవును కర్ర పొడవుతో భాగిస్తే, కర్రకూ సూర్యకిరణానికీ మధ్య ఉన్న కోణపు టాంజెంట్ వస్తుంది; కాలిక్యులేటర్‌లో tan⁻¹ నొక్కితే కోణం తెలుస్తుంది. రెండు కోణాల తేడాతో 360ని భాగించి, బళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరంతో గుణించండి. జవాబు 40,000 కి.మీ. దగ్గరగా రావాలి. నీడలు ఎదురెదురు దిక్కులకు పడితే కోణాలను కూడాలి (చాలామంది తప్పేది ఇక్కడే). రోడ్డు దూరం పనికిరాదు. నీడలో 1 సెం.మీ. తేడా దాదాపు అర డిగ్రీ, అందుకే 1,000 కి.మీ. పైబడిన జోడీ మేలు.

ఇలాంటి పనులకు ఏటా నిధులిచ్చేది అంతర్జాతీయ ఖగోళ సంఘం 2011లో కేప్‌టౌన్‌లో తెరిచిన ‘అభివృద్ధి కోసం ఖగోళశాస్త్రం’ కార్యాలయం (OAD).