సీనియర్ దగ్గర కొనే కిట్‌లో ఏది పనికొస్తుంది?

పైలట్ చదువుకు వెళ్లే మన జిల్లాల పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు రాసిన ఉత్తరాలకు విజయనగరంలో ఉంటున్న ఒక రిటైర్డ్ నావిగేషన్ మాస్టారి జవాబులు.

ప్రశ్న: మాస్టారూ, మాది రాజాం. ఇంటర్ ఎంపీసీ అయింది, మెడికల్ కూడా పాసయ్యాను. వచ్చే నెల ఫ్లయింగ్ స్కూల్లో చేరుతున్నాను. మా సీనియర్ అక్క తన కిట్ మొత్తం ఎనిమిది వేలకు ఇస్తానంటోంది. గుండ్రటి ఫ్లైట్ కంప్యూటర్, చదరపు ప్రొట్రాక్టర్, ఒక చార్టు, ఏఐపీ (విమానాశ్రయాలు, రూట్ల అధికారిక సమాచారం) ప్రింట్ల ఫైలు, సెస్నా 172 విమానం పీఓహెచ్ (పైలట్ హ్యాండ్‌బుక్) జిరాక్సు ఉన్నాయి. ఇప్పటికే లోను తీసుకున్నాం. ఈ డబ్బు పెట్టమంటారా?

జవాబు: అమ్మా, కంప్యూటరూ ప్రొట్రాక్టరూ కొనుక్కో. మిగతా మూడింటికి డబ్బు ఇవ్వకు. అక్క ఊరికే ఇస్తే చదువుకోవడానికి ఉంచుకో, వాటితో ఫ్లైట్ ప్లాన్ మాత్రం వెయ్యకు.

ఆ గుండ్రటి కంప్యూటర్‌లో ఉన్నది గుణకారం, భాగహారం, కాస్త త్రికోణమితి. స్లైడ్ రూల్ అనే లెక్కల స్కేలునే చక్రంలా చుట్టారు. ఫిలిప్ డాల్టన్ అనే అమెరికన్ 1930లలో తయారుచేసిన ఈ6బీ నమూనాను ఇప్పటికీ అమ్ముతున్నారు, ఇప్పటికీ వాడుతున్నారు. లెక్కకు వయసు రాదు కాబట్టి ఇరవై ఏళ్ల పాతదైనా ఫర్వాలేదు. కొనే ముందు మాత్రం అక్క ఎదురుగానే ఒక పరీక్ష చెయ్యి. లోపలి చక్రం మీది 10ని బయటి చక్రం 10కి ఎదురుగా పెట్టు. చుట్టూ ఏ అంకె చూసినా దాని ఎదురుగా అదే అంకె ఉండాలి. ఒక పక్క కలిసి ఇంకో పక్క గీత జరిగితే ప్లాస్టిక్ వంగిందన్నమాట. ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసినవి ఇలా పాడవుతాయి. అలాంటిది సగం ధరకు ఇచ్చినా వద్దు. తర్వాత 60 దగ్గరున్న బాణాన్ని బయటి 100కి పెట్టి, బయటి 30 కింద చూడు. 18 కనపడాలి. 100 నాట్ల వేగంతో 30 నాటికల్ మైళ్లకు 18 నిమిషాలు. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు.

ఇక చార్టు. పది లక్షల స్కేలు చార్టులో ఒక సెంటీమీటరంటే నేల మీద 10 కిలోమీటర్లు. విజయనగరం నుంచి శ్రీకాకుళానికి గీత గీస్తే ఐదున్నర సెంటీమీటర్లు వస్తుంది. నాగావళి, వంశధార, చీపురుపల్లి, పొందూరుల మీదుగా ఆమదాలవలసకు పోయే రైలు పట్టాలు, కళింగపట్నం దగ్గర సముద్రపు ఒడ్డు, ఇవన్నీ ఎంత పాత చార్టులోనైనా దొరుకుతాయి. అందుకే పాత చార్టు నమ్మదగినదిలా కనపడుతుంది, ప్రమాదం కూడా అక్కడే. ఎయిర్‌స్పేస్ హద్దులు, నిషేధిత ప్రాంతాలు, కొత్తగా లేచిన టవర్లు, మారిన ఫ్రీక్వెన్సీలు అందులో ఉండవు. పాత చార్టులో భోగాపురం ఒక ఊరు మాత్రమే, అక్కడి కొత్త విమానాశ్రయం కనపడదు. అయస్కాంత వ్యత్యాసం, అంటే నిజ ఉత్తరానికీ దిక్సూచి చూపే ఉత్తరానికీ ఉండే తేడా కూడా ఏ సంవత్సరానిదో చార్టు మీదే రాసి ఉంటుంది, చూడు. అక్క ఫైలు పాతదో కాదో తేల్చుకోవడానికి ఒక చిన్న గుర్తు చెబుతాను. విశాఖ విమానాశ్రయం కోడ్ వీఈవీజడ్ అని ఉంటే అది పాత కాగితం, ఇప్పుడు వీఓవీజడ్.

ఏఐపీ ప్రింట్లకు డబ్బు ఇవ్వనే ఇవ్వకు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వెబ్‌సైట్‌లో అది ఉచితంగా దొరుకుతుంది. మార్పులు 28 రోజుల చక్రంలో వస్తాయి, ఎప్పుడూ గురువారం నాడే అమల్లోకి వస్తాయి. మధ్యలో వచ్చే మార్పులకు నోటామ్‌లు, అంటే పైలట్లకు ఇచ్చే నోటీసులు ఉన్నాయి. ప్లాన్ వేసే ప్రతిసారీ రెండూ తెరిచి చూడాలి.

దీని గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను నేర్చుకునే రోజుల్లో నాకే జరిగింది. నేను చదివిన చోట ఫ్రీక్వెన్సీల పట్టిక గోడకు అంటించి ఉండేది. దాన్ని చూసే నా నావిగేషన్ లాగ్, అంటే ప్రయాణం లెక్కలు రాసుకునే షీటు నింపాను. చేరాల్సిన విమానాశ్రయానికి పది మైళ్ల దూరంలో మూడుసార్లు పిలిచాను, జవాబు లేదు. ఆ ఫ్రీక్వెన్సీ అప్పటికి ఐదు వారాల కిందటే మారింది, గోడ మీది కాగితాన్ని ఎవరూ మార్చలేదు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు కాబట్టి సరిపోయింది. దిగాక ఆయన తిట్టలేదు. లాగ్ షీటు మీద వేలు పెట్టి, "ఈ అంకె ఏ తేదీది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి నా లాగ్‌లో ప్రతి ఫ్రీక్వెన్సీ పక్కన అది ఎక్కడిదో, ఏ తేదీదో చిన్న అక్షరాలతో రాస్తూ వచ్చాను. నా దగ్గర చదివిన పిల్లలందరి చేతా రాయించాను. నువ్వూ రాయమ్మా.

పీఓహెచ్ జిరాక్సు చదువుకోవడానికి మంచిదే. కానీ ఖాళీ బరువు, బరువు కేంద్రం ఒక్కో విమానానికి ఒక్కోలా ఉంటాయి. నువ్వు ఎక్కే విమానం కాగితాల్లోంచే అవి తీసుకోవాలి. జిరాక్సులో టేకాఫ్ దూరం పట్టికలు మాత్రం ఇప్పటి నుంచే సాధన చెయ్యి, మన ఎండలతోనే చెయ్యి. సముద్ర మట్టంలో ప్రామాణిక ఉష్ణోగ్రత 15 డిగ్రీలు. మే నెలలో మనకు 40 ఉందనుకో, 25 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున 3000 అడుగులు. అంటే నేల మీద నిలబడ్డ విమానం 3000 అడుగుల ఎత్తులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. రన్‌వే ఎక్కువ తింటుంది, నెమ్మదిగా లేస్తుంది.

ప్రశ్న: మాస్టారు గారూ, నేను పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తాను. మా అబ్బాయి ఫ్లయింగ్‌లో చేరి రెండు నెలలైంది. ఐప్యాడ్ కొనమంటున్నాడు. ఫోర్‌ఫ్లైట్ యాప్ గాలి లెక్కతో సహా అన్నీ చేసేస్తుందట, చేత్తో చెయ్యడం దండగట. నిజమేనా?

జవాబు: యాప్ చేస్తుందన్నది నిజమే. ఫోర్‌ఫ్లైట్ యాప్ యాపిల్ పరికరాల్లోనే నడుస్తుంది కాబట్టి ఐప్యాడ్ అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఇప్పుడే కొనకండి. సోలో క్రాస్ కంట్రీలు, అంటే ఒంటరిగా వేరే ఊరికి వెళ్లే దూర ప్రయాణాలు మొదలయ్యాక చూద్దురు గాని.

ఈ ఆదివారం మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇది అడగండి. 100 నాట్ల విమానం 150 నాటికల్ మైళ్లు వెళ్లి వెనక్కి రావాలి. గాలి లేకపోతే గంటన్నర పోను, గంటన్నర రాను, మొత్తం మూడు గంటలు. పోయేటప్పుడు సరిగ్గా వెనక నుంచి 20 నాట్ల గాలి ఉంటే మొత్తం ఎంత? పోయేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోతుంది, కాబట్టి అదే మూడు గంటలు అంటాడేమో చూడండి. పోయేటప్పుడు 120 నాట్లు, 75 నిమిషాలు. వచ్చేటప్పుడు 80 నాట్లు, 112న్నర నిమిషాలు. మొత్తం 187న్నర. ఏడున్నర నిమిషాల పెట్రోలు అదనంగా కావాలి. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి గాలి ఎప్పుడూ సమానంగా తీరిపోదు. చేత్తో పదిసార్లు చేసిన పిల్లాడికి ఇది ఒంటబడుతుంది. యాప్‌లో పొరపాటున వేరే విమానం వేగం ఎంచుకుంటే తెర మీద అంకె ఎంతో అందంగానే కనపడుతుంది. అది తప్పని పసిగట్టాల్సింది వాడే. కమర్షియల్ లైసెన్సుకు 300 నాటికల్ మైళ్లకు తగ్గని క్రాస్ కంట్రీ ఒకటి చెయ్యాలి, అప్పుడు పక్కన ఎవరూ ఉండరు. ముందు చేత్తో వేసి, తర్వాత యాప్‌తో సరిచూసుకోమనండి. రెండింటికీ తేడా వస్తే కారణం దొరికేదాకా బయల్దేరకూడదు.

ప్రశ్న: మాస్టారూ, మాది ఆమదాలవలస. విశాఖ మెటార్‌లో (విమానాశ్రయపు వాతావరణ నివేదికలో) టైము 0230 జడ్ అని ఉంది. అంటే తెల్లవారుజాము రెండున్నరదా? అది చూసి పార్వతీపురం వైపు రూట్ వేసుకోవచ్చా?

జవాబు: కాదు బాబూ. జడ్ అంటే యూటీసీ, విమానయానంలో అందరూ వాడే ప్రపంచ ప్రామాణిక సమయం. ఐదున్నర గంటలు కలుపు, మన ఉదయం ఎనిమిది అవుతుంది. ఇక మెటార్ అనేది ఆ విమానాశ్రయంలో, ఆ నిమిషంలో చూసింది రాసిన కాగితం. సముద్రం పక్కనున్న విశాఖలో ఆకాశం తేటగా ఉన్న చలికాలపు ఉదయమే నాగావళి వెంబడి పొగమంచు కమ్మి ఉండటం మీ ఊళ్లో నువ్వే చూసుంటావు. పార్వతీపురం దగ్గర కొండలు కూడా ఉన్నాయి. కాబట్టి మెటార్‌తో పాటు ముందస్తు అంచనా అయిన టాఫ్ చదువు, వాతావరణ శాఖ ఏవియేషన్ బ్రీఫింగ్‌లో ఉపగ్రహ చిత్రం చూడు.

ఇంకొకటి. మెటార్‌లో గాలి దిశ నిజ ఉత్తరం నుంచి లెక్క, టవర్ రేడియోలో చెప్పేది అయస్కాంత ఉత్తరం నుంచి. మన వైపు రెండింటికీ తేడా చాలా తక్కువ కాబట్టి పిల్లలు పట్టించుకోరు, పరీక్షలో మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. లాగ్ షీటులో యూటీసీకి ఒక గడి, మన టైముకు ఒక గడి విడిగా గీసుకో. రాత్రే గీసి పెట్టుకో, పొద్దున్న హడావుడిలో గీయడం కుదరదు.