2019లో ఎల్‌ఎస్‌యూను ఎవరూ ఎందుకు ఓడించలేకపోయారు?

ప్రధాన కారణం ఆటతీరు మారడమే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) కాలేజీ జట్టు అంతకుముందు బంతి పట్టుకుని పరిగెత్తడాన్నే ఎక్కువగా నమ్ముకునేది. పాస్‌ల ఆటను చూసుకునే సహాయ కోచ్ జో బ్రేడీ వచ్చాక ఆటగాళ్లు మైదానమంతా పరుచుకుని పాస్‌లు ఆడారు. ఒహాయో స్టేట్ అనే మరో కాలేజీ జట్టులో చోటు దొరక్క వచ్చిన జో బర్రో, బంతి విసిరి ఆటను నడిపే క్వార్టర్‌బ్యాక్‌గా, ఆ సీజన్‌లో 60 టచ్‌డౌన్ పాస్‌లు (పాయింట్లు తెచ్చే పాస్‌లు) వేశాడు. సెమీఫైనల్లో ఓక్లహోమా మీద మొదటి సగంలోనే ఏడు! ఫైనల్లో క్లెమ్సన్‌ను 42-25తో ఓడించి, ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచారు.

నా దృష్టిలో మాత్రం అసలు గెలుపు అలబామా మీద 46-41. అంతకుముందు వాళ్ల చేతిలో వరుసగా ఎనిమిదిసార్లు ఓడారు మరి. సొంతగడ్డ మీద చివరి మ్యాచ్‌కి బర్రో తన పేరును అక్కడి ఫ్రెంచ్ పద్ధతిలో రాయించిన జెర్సీతో మైదానంలోకి వచ్చాడు.