మా ఇంటిపేరు వాళ్లందరూ మావాళ్లేనా?

ప్రశ్న: మా ఇంటిపేరు కొత్తపల్లి. ఇదే ఇంటిపేరు వాళ్లు నాకు కర్నూలులో, కరీంనగర్‌లో, ఖరగ్‌పూర్‌లో కూడా తగిలారు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఉమ్మి పంపి డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే, మా తండ్రుల వరస ‘హెచ్’ అనే గుంపులోదని వచ్చింది. అక్కడే ఉన్న మరో కొత్తపల్లివారి అబ్బాయిదీ అదే గుంపట. కాబట్టి మాది ఒకే వంశమని, వంశవృక్షం అచ్చు వేయిద్దామని మావాడు పట్టుబడుతున్నాడు. వేయించవచ్చా?
– రిటైరైన పోస్ట్‌మాస్టర్, కాకినాడ

జవాబు: అచ్చు ఆపించండి, పోస్ట్‌మాస్టరు గారూ. మండలం పేరు రాయకుండా ‘కొత్తపల్లి’ అని మాత్రమే రాసిన ఉత్తరం ఎన్ని ఊళ్లు తిరుగుతుందో మీకు నేను చెప్పాలా? మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లే. ఏ కొత్తపల్లి నుంచి ఎవరు వలస వెళ్లినా, చేరిన ఊరివాళ్లు వాళ్లను కొత్తపల్లివారనే పిలిచారు. వెళ్లినవాళ్లలో కరణాలూ ఉన్నారు, కుమ్మరులూ ఉన్నారు. అందుకే ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో స్మిత్ అనే ఇంటిపేరుదీ ఇదే కథ. స్మిత్ అంటే కమ్మరి. ఊరూరా కొలిమి ఉండేది కాబట్టి ఆ పేరు ఊరూరా విడివిడిగా పుట్టింది. అరుదైన ఇంటిపేర్ల సంగతి వేరు. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మంది మగవాళ్ల వై క్రోమోజోములు (మగవాళ్లలో మాత్రమే ఉండే డీఎన్ఏ పోగులు) పరీక్షించి 2000లో ఫలితం ప్రచురించారు. వాళ్లలో దాదాపు సగం మందిలో ఒకే రకం వై కనిపించింది. మిగతా సగం మాటేమిటని అడగండి. మనకు పనికొచ్చేది అదే. దత్తతలు, తల్లి ఇంటిపేరు పెట్టుకున్న పిల్లలు, గుట్టుగా ఉండిపోయిన సంబంధాలు, అన్నీ అందులో ఉంటాయి.

ఇక ‘హెచ్’ సంగతి. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కు, కొడుకు నుంచి మనవడికి దిగుతుంది. ఆ రకంగా మాత్రం అది మన ఇంటిపేరు లాంటిదే. కానీ హెచ్ అనే కొమ్మ విడిపోయి పదుల వేల ఏళ్లయింది. మన దేశంలో కులంతో, భాషతో పని లేకుండా కోట్ల మందిలో ఉంది. మీ భాషలో చెప్పాలంటే, ఇద్దరి పిన్‌కోడూ 5తో మొదలవుతున్నంత చుట్టరికం అది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మొత్తం అందులోనే ఉన్నాయి కదా! పూర్తి చిరునామా కావాలంటే వేరే పరీక్ష ఉంది. వైలో కొన్ని చోట్ల ఒక చిన్న డీఎన్ఏ అక్షరాల వరస పదే పదే వస్తుంది, ఒకరిలో 13 సార్లు, మరొకరిలో 15 సార్లు. ఆ లెక్క తండ్రి నుంచి కొడుక్కు అలాగే వస్తూ, ఎప్పుడో ఒక తరంలో ఒకటి పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. అలాంటి 37 చోట్లను ఇద్దరు అబ్బాయిల్లోనూ పోల్చి చూడమనండి. 35, 36 చోట్ల కలిస్తే కొన్ని వందల ఏళ్ల లోపు ఒకే తాత ఉండే అవకాశం గట్టిదే. ఆ తాత పేరేమిటో మాత్రం పరీక్ష చెప్పదు. పది చోట్లకు మించి తేడా వస్తే ఇద్దరివీ వేర్వేరు కొత్తపల్లులు అనుకోండి.

మా ఇంట్లో జరిగింది కూడా చెబుతాను. మా తాతగారిని పిల్లలు లేని ఆయన మేనమామ దత్తత తీసుకున్నారు. 1926 నాటి దత్తపత్రం ఇప్పటికీ మా బీరువాలో, నాఫ్తలీన్ ఉండల వాసనతో ఉంది. నాకు వై లేదు కాబట్టి మా అన్నయ్యను రెండేళ్లు బతిమాలి పరీక్ష చేయించాను. మాకు ఇంటిపేరిచ్చిన ఇంటి దాయాదితో పోలిస్తే 37లో 19 చోట్ల తేడా. తాతగారు పుట్టిన ఇంటివారితో పోలిస్తే ఒక్కచోటే. “ఆస్తి దత్తతింటిది, ముక్కు పుట్టింటిది” అని మా బామ్మ అంటూనే ఉండేది. ఇంత ఖర్చు పెట్టి మేము తెలుసుకున్నదీ అదే. ఇంటిపేరు మార్చుకోలేదు, గోత్రమూ మార్చుకోలేదు.

మీ అబ్బాయి మళ్లీ డబ్బు ఖర్చు పెట్టేముందు ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే ఒక్క మాట అడగండి: ఎవరింట్లో పోతే మనకు పదిరోజుల మైల పట్టేది? ఆ జాబితా మీ దాయాదుల జాబితా. ఇల్లరికాలు, దత్తతలు కూడా ఆవిడకే తెలుస్తాయి. తర్వాత రిజిస్ట్రారు ఆఫీసులో పాత భాగపంపకాల దస్తావేజుల నకళ్లు తీయించండి.

ప్రశ్న: నాకు అన్నదమ్ములు లేరు. నాన్న, తాత కూడా ఇంటికి ఒక్కరే కొడుకులు, ఇద్దరూ లేరు. మా ఇంటిపేరు వరస ఇక తెలుసుకోలేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తెలుసుకోవచ్చు, అమ్మా. పైకి ఎక్కి పక్కకు దిగాలి. అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు పెళ్లిలో పుట్టిన కొడుకులెవరూ బతకలేదు. ఆయన ఇంట్లో బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ పిల్లల తండ్రి ఆయనేనా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, 1998లో ఆయన పెదనాన్న ఫీల్డ్ జెఫర్సన్ వరసలోని మగవాళ్ల వై తీసుకుని, శాలీ చివరి కొడుకు ఎస్టన్ వరసలోని మగవాడి వైతో పోల్చారు. కలిసింది. అయితే అది జెఫర్సన్ల వై అని మాత్రమే తేలింది. ఆ ఇంటి మగవాళ్లలో ఎవరిదన్నది చరిత్రకారులు కాగితాలు చూసి చెప్పవలసి వచ్చింది.

మీరూ ముత్తాతగారి అన్నదమ్ముల మగసంతానాన్ని వెతకండి. దొరికినాయనకు ఒక మాట ముందే చెప్పాలి. ఫలితం కలవకపోవచ్చు, కలవకపోతే ఆ తేడా ఏ తరంలో వచ్చిందో తెలియక ఇంట్లో మనసులు విరగవచ్చు. ఇంకొకటి, పేరున్న సంస్థల్లోనూ సమాచారం భద్రమని లేదు. ట్వంటీత్రీ అండ్ మీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థ దగ్గర 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025లో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. ఇవన్నీ విని కూడా ఆయన సరేనంటేనే కిట్ తెప్పించండి.

మీ పేరు మీద మామూలు ఉమ్మి పరీక్ష చేయించుకుని ‘మూడో తరం బంధువు’ అని వచ్చినవాళ్ల వెంట పడకండి. మేనరికాలు తరతరాలుగా జరిగిన ఇళ్లలో దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా లెక్కకు వస్తాడు. ముత్తాతగారి తమ్ముడి పిల్లలు ఏ ఊళ్లో స్థిరపడ్డారో మీ మేనత్తగారికి తెలిసే ఉంటుంది. ఈ ఆదివారమే ఫోను చేయండి.